బాయిలరు తాగిన తీపి నీళ్ళు

"తాళంకప్పకి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు నాంచారయ్యా! దానికి నీలాగా ప్రమోషన్ బెంగ ఉండదు కదా!"

రెండో నంబరు నీళ్ళ ట్యాంకు నిచ్చెన మీద నిలబడి, భూతద్దం కంటికి ఆనించుకుని, బందరు ప్రైవేటు డిటెక్టివ్ పాండురంగారావు కిందికి ఓ చురక వేశాడు. కింద బూడిదలో బూట్లు పాడవుతున్నాయని విసుక్కుంటున్న సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నాంచారయ్య మొహం కందగడ్డ అయింది. బందరు హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. లెక్కల పరీక్షలో ఒకడి కాగితం ఒకడు చూసి రాసినవాళ్ళే. ఇప్పుడు మాత్రం ఒకడు తుమ్మితే ఇంకోడికి జలుబు చేస్తుంది.

"తాళం సంగతి తర్వాత చూద్దువుగానీ, ముందు దిగు. పన్నెండింటికి జీపు కదుల్తుంది. నీ కృపానందం అందులో ఉంటాడు, సాయంత్రానికి గుడివాడ సబ్‌జైల్లో ఉంటాడు. తెలిసిందా ప్రైవేటు గారూ?" అన్నాడు నాంచారయ్య.

తెలియకేం! ఆ జీపు కదలకుండా ఆపడానికే పాండురంగారావు పొద్దున్నే మొదటి బస్సెక్కి ఈ హంస షుగర్ మిల్లుకి వచ్చాడు.

మొన్న పొద్దున మిల్లులో రెండో నంబరు బాయిలరు పగిలి, ఫైర్‌మన్ సీమోను చనిపోయాడు. బాయిలరు నీళ్ళలో పంచదార కలిసిందని తేలింది. చక్కెర మిల్లులో చక్కెర కలవడం వింతా అనుకునేరు! మనిషికి పంచదార బలం, బాయిలరుకి అదే విషం. నీళ్ళు నురగెత్తుతాయి, చక్కెర మాడి గొట్టాలకి అట్టకడుతుంది, ఇనుము ఎర్రగా కాలి పగులుతుంది. చెరకు రసాన్ని మరిగించే ఆవిరి చల్లారి నీరై ఈ ట్యాంకుల్లోకి వస్తుంది, చాలకపోతే కాలవ నీళ్ళు కలుపుతారు, మళ్ళీ బాయిలర్లలోకి వెళ్తుంది. ఆ నీళ్ళని గంటగంటకీ పరీక్ష చేసి, బాగున్నాయో లేదో చెప్పాల్సినవాడు వాటర్ ప్లాంటు ఆపరేటరు కృపానందం. ప్రమోషన్ రాలేదన్న కసితో అతనే కావాలని పాడునీళ్ళు పంపించాడన్నది నాంచారయ్య కేసు. అంటే హత్య కేసు! కోర్టులో నిలబడితే ఉరితాడు దాకా పోతుంది.

నాంచారయ్య పక్కన చీఫ్ ఇంజనీరు ఈశ్వరరావు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు. అంత బూడిదలోనూ ఆ తెలుపు చెడకుండా నిలబడడం ఆయనకే చెల్లింది.

"రసం గొట్టాల్లో లీకు లేదండీ. నిన్ననే పరీక్ష చేయించాను, సూది మోపినంత చిల్లు కూడా లేదు. పంచదార ఎవరో చేత్తో పోసిందే" అన్నాడు ఈశ్వరరావు.

"చేత్తో పోయాలంటే ఈ మూత తెరవాలి కదండీ? మీ తాళంచెవి ఓసారి ఇలా ఇస్తారా?"

ఈశ్వరరావు బెల్టుకున్న తాళంచెవి తీసి ఇచ్చాడు. పాండురంగారావు దాన్ని కప్పలో దూర్చబోతే ముక్కు కూడా దూరలేదు. తుప్పూ బూడిదా కలిసి కప్ప కన్ను పూడుకుపోయింది. పక్కనే ఉన్న ఒకటో నంబరు ట్యాంకు ఎక్కి చూస్తే, అదే చెవితో తెరిచే దాని తాళమూ అచ్చం అంతే! ఈ సీజను మొదలయ్యాక ఆ మూతలు ఎవరూ తెరవలేదని కళ్ళున్నవాడెవడైనా చెప్తాడు. కిందికి దిగి, ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్ళు పట్టి వాసన చూశాడు. రెండో నంబరు నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి, పులిసిన చెరకురసం కంపు కొట్టాయి.

"ఇది బస్తాలోంచి వచ్చిన పంచదార కాదోయ్, రసం! గొట్టంలోంచి వచ్చింది!"

"నీ ముక్కు మీద కోర్టుకి నమ్మకం ఉండదు" అన్నాడు నాంచారయ్య, తాళంచెవి లాక్కుని జేబులో పడేసుకుంటూ. "లీకు లేదని చీఫ్ ఇంజనీరుగారు సంతకం పెట్టి ఇచ్చారు. నీళ్ళవాడికి నీళ్ళలో ఏం కలపాలన్నా వంద దార్లు. ఇంకేమన్నా ఉందా?"

"నాకు పనుందండీ. ఒకటో నంబరు బాయిలరు పన్నెండు దాటాక వెలిగించాలి, గేటు బయట చెరకు బళ్ళమీదే ఎండిపోతోంది" అంటూ ఈశ్వరరావు బాయిలరు హౌసు వైపు చరచరా వెళ్ళిపోయాడు.

టైము ఆఫీసు గదిలో కృపానందం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళవాడు, బేడీల కింద మణికట్టు ఒరుసుకుపోయి ఎర్రబడింది. పక్కన అతని అక్క ఎస్తేరు నిలబడి ఉంది. మిల్లు పక్క ఊళ్ళో మిషన్ స్కూల్లో పంతులమ్మ ఆమె. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది, ఇప్పుడూ మిల్లు క్వార్టర్సులో అతనితోనే ఉంటోంది. నిన్న బందరు వచ్చి, "మా తమ్ముడు ఏ పాపమూ ఎరగడు, నా ప్రాణం అడ్డేసి చెప్తాను, మీరు రండి" అని పాండురంగారావుని లాక్కొచ్చినది ఆమే.

"పరీక్షలో పంచదార కనిపించాక ఏం చేశావయ్యా?" అడిగాడు డిటెక్టివు.

"వెంటనే బాయిలరు హౌసుకి ఫోను చేశానండీ. అప్పారావు తీశాడు. 'నీళ్ళు తీపి వస్తున్నాయి, చూసుకో' అని అరిచి చెప్పాను. తీపి నీళ్ళంటే ఈ మిల్లులో ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసండీ, బాయిలరుకి అవి యమపాశమని. వాల్వు కట్టేస్తాడనుకున్నా. కట్టలేదు. ఫోను కింద పెట్టి టీ తాగేలోపు..." అతను బేడీల చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "సీమోను నాకు బావ వరసవుతాడండీ. చర్చిలో పక్కపక్కన కూర్చుని పాడేవాళ్ళం. నేను చంపుతానా అతన్ని?"

"ఏడవకురా. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు వీడు. క్వార్టర్సుకెళ్ళి క్యారియర్ పట్టుకొస్తానండీ" అంది ఎస్తేరు. నాంచారయ్య గోడ గడియారం చూసి తలూపాడు. ఆమె గబగబా వెళ్ళిపోయింది.

తర్వాత అప్పారావుని పిలిపించారు. బాయిలరుకి నీళ్ళు వదిలే వాల్వు దగ్గర పనిచేసేది అతనే. ఈ సీజనుకే కొత్తగా చేరాడు. దివిసీమ మనిషి, సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప పక్కన ఊరు. కుడిచెయ్యి కాలి గుడ్డ చుట్టి ఉంది.

"మొన్న ఫోన్లో కృపానందం ఏమన్నాడు?"

"నీళ్ళు బాగున్నాయన్నాడండి."

కృపానందం బల్ల మీంచి ఒక్క గెంతు గెంతాడు. "అబద్ధం! దేవుడున్నాడు అప్పారావూ!"

"నాకూ ఉన్నాడు దేవుడు! నా పిల్లల మీద ఒట్టేసి చెప్తున్నా, బాగున్నాయనే అన్నాడు!" అప్పారావు కూడా అంతే గట్టిగా అరిచాడు.

"చూశావా? సాక్షి. ఇక మూసెయ్ నీ దుకాణం" అని నాంచారయ్య మీసం దువ్వాడు.

పాండురంగారావు చిటికెడు నస్యం పీల్చి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్ళుగా దొంగల మొహాలు చూస్తున్నవాడు. వీళ్ళిద్దరిలో ఒకడి మొహంలోనైనా దొంగ ఉంటే గదా! ఇద్దరూ నిజమే చెప్తుంటే, మరి అబద్ధం ఎక్కడ దూరినట్టు?

"బాగున్నాయి అన్న మాటే అన్నాడా?"

"అంటే... ఆ అర్థమేనండి."

"అర్థం నాకొద్దు. మాట కావాలి."

"ఏదో అన్నాడండి, బాయిలరు మోతలో ఆ మాటే గుర్తుంటుందా? బాగున్నాయనే."

డిటెక్టివు లేచి మూలనున్న కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచాడు. ఓ గుక్క తాగి, మొహం వికారంగా పెట్టి, కిటికీలోంచి ఉమ్మేశాడు. "థూ! ఏం నీళ్ళయ్యా ఇవి, ఉప్పు కషాయం!"

"ఉప్పేంటండీ బాబూ!" అప్పారావుకి పౌరుషం వచ్చింది. గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు. "అచ్చం తీపి నీళ్ళండీ ఇవి! మా వైపు ఎండాకాలం ఇలాంటి తీపి నీళ్ళు కడవెడు తేవాలంటే ఆడోళ్ళు పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి వస్తారు. తీపి నీళ్ళ విలువ మాకు తెలుసండీ, ఉప్పు తాగి బతికినోళ్ళం!"

పాండురంగారావు అతని భుజం మీద చెయ్యేసి, మెల్లిగా అడిగాడు.

"ఫోన్లో కృపానందం అన్న మాట అదేనా నాయనా?"

"ఆ! అదేనండీ! 'నీళ్ళు తీపి వస్తున్నాయి' అన్నాడు. అంతకుముందు కొన్నాళ్ళపాటు సముద్రం పోటు నీళ్ళు కాలవలోకి ఎక్కి, 'ఉప్పొస్తోంది, వాల్వు తగ్గించు' అంటూ ఉండేవాడు. తీపన్నాడు కదా, అమ్మయ్య, పీడ విరగడైందని పూర్తిగా తెరిచేశా..."

చెప్తూ చెప్తూనే అతని నోరు అలాగే ఉండిపోయింది. కృపానందం మొహం చూశాడు. ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు. నేలమీద చతికిలబడ్డాడు.

"అయితే సీమోనుని చంపింది నేనాండీ?"

"నువ్వు కాదు, అతనూ కాదు. ఒక మాట!" పాండురంగారావు చంకలోని గొడుగు తీసి నేలకేసి ఠంగున కొట్టాడు. పట్టలేనంత ఉత్సాహం వచ్చేసింది ఆయనకి. "మిల్లులో తీపి అంటే విషం. అప్పారావు ఊళ్ళో తీపి అంటే అమృతం. ఒకడు ప్రమాదం అని అరిస్తే ఇంకోడికి పండగని వినపడింది! నాంచారయ్యా, ఇంకా బేడీలెందుకోయ్?"

నాంచారయ్య తడబడ్డాడు. తడబడ్డాడు గానీ లొంగలేదు, లొంగితే నాంచారయ్య ఎందుకవుతాడు!

"మాట తారుమారైతే అయింది. కానీ ఆ పంచదార నీళ్ళలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? లీకు లేదని ఇంజనీరు రాసిచ్చాడు. పోసినవాడే ఫోను చేసి, తప్పు కప్పిపుచ్చుకోకూడదా? నేను జీపు ఆపను."

ఇంతలో చీఫ్ గారు పిలుస్తున్నారని ప్యూన్ వచ్చి అప్పారావుని లేపి తీసుకుపోయాడు. ఒకటో నంబరు బాయిలరు దగ్గర మనుషులు చాలలేదట. అతను వెళ్తుండగానే ఎస్తేరు క్యారియర్‌తో వచ్చింది. ఆయాసపడుతోంది, నుదుటి మీద చెమట.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఒక్క మనవి. ఒకటో నంబరు వెలిగిస్తారట కదండీ. దాని దగ్గర బోలెడుమంది పనిచేస్తారు. వెలిగించే ముందు ఒక్కసారి మా తమ్ముడి చేత ఆ ట్యాంకు నీళ్ళు పరీక్ష చేయించండి. మీ ఎదుటే చేస్తాడు" అంది.

"చేయిస్తే నీకేంటమ్మా లాభం? వీడు బేడీల్లో ఉంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని తేలుతుంది. అది నా కేసుకే బలం!" అని నవ్వాడు నాంచారయ్య. నవ్వి, సరేనన్నాడు. తన కేసుకి బలమంటే కాదనేవాడా!

ఒకటో నంబరు ట్యాంకు కుళాయి నుంచి కానిస్టేబులే నీళ్ళూ, ప్లాంటు నుంచి పరీక్ష సామానూ పట్టుకొచ్చాడు. కృపానందం బేడీల చేతులతోనే గాజు గొట్టంలో నీళ్ళు పోసి, సీసాలోంచి మందు చుక్కలు వేసి, యాసిడ్‌ని గొట్టం గోడ వెంబడి నెమ్మదిగా జార్చాడు. నీళ్ళు తెల్లగా ఉన్నంతసేపూ నాంచారయ్య నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు నీళ్ళూ యాసిడూ కలిసే చోట ఓ వంకాయరంగు వలయం లేచి, చూస్తుండగానే ముదిరింది.

"పంచదార!" కృపానందం కేక పెట్టాడు. "ఇందులోనూ పంచదారండీ!"

అదే సమయానికి కిటికీలోంచి కనబడుతున్న పొగగొట్టం నుంచి నల్లటి పొగ బుస్సుమంది. ఎస్తేరు క్యారియర్ చేతిలోంచి జారి నేలమీద దొర్లింది.

"వెలిగించేశారా? పన్నెండు దాటాక అన్నారు కదా!" అంది, మొహం పాలిపోయి.

కృపానందం గాజు గొట్టం బల్లమీద పెట్టి, బేడీలతోనే గుమ్మం దాటి పరుగు లంకించుకున్నాడు.

"పారిపోతున్నాడు! పట్టుకోండి!" నాంచారయ్య పిస్తోలు మీద చెయ్యేశాడు. అడ్డంగా ఓ గొడుగు వచ్చి ఆయన కాళ్ళమధ్య పడింది. అది కావాలని పెట్టారా, పొరపాటున పడిందా అంటే, పాండురంగారావు ఆ తర్వాత ఎవరడిగినా పొరపాటనే చెప్పాడు. ఇన్‌స్పెక్టరు లేచి దులుపుకునేసరికి అందరూ బాయిలరు హౌసు వైపు పరుగెడుతున్నారు.

లోపల చెరకు పిప్పి మంట భగభగలాడుతోంది. వెలిగించే ముందు పూజకి కొట్టిన కొబ్బరికాయ చెక్కలు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఈశ్వరరావు పై మెట్టు మీద నిలబడి, "వదులు నీళ్ళు! ఊఁ, వదులు!" అంటున్నాడు. అప్పారావు కాలిన చెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమచేత్తో వాల్వు చక్రం తిప్పుతున్నాడు.

"అప్పారావ్! పంచదార! పంచదార నీళ్ళు! చంపేస్తాయి, కట్టెయ్!" కృపానందం గుమ్మంలోంచే అరిచాడు.

ఈసారి మాటలో పొరపాటుకి తావు లేదు. అప్పారావు గుడ్డ చుట్టిన చెయ్యి కూడా వేసి, ఒళ్ళంతా చక్రానికి వేలాడదీసి, నొప్పికి ఊళ పెడుతూ వాల్వు బిగించేశాడు. కృపానందం ఫైర్‌మన్లని అదిలించి, పారలందించి మంట బయటికి లాగించాడు. పిప్పి నిప్పులు నేలమీద పరుచుకున్నాయి, జనం కేకలేస్తూ వెనక్కి జరిగారు. కాసేపటికి ఆవిరి మీటరు ముల్లు కిందికి దిగడం మొదలైంది. పాండురంగారావు గుండె దడ మాత్రం ఇంకా దిగలేదు.

నాంచారయ్య బూడిద కొట్టుకున్న మొహంతో వచ్చాడు. చేతిలో ఒకటో నంబరు ట్యాంకు తాళంకప్ప! దారిలో ఆ ట్యాంకెక్కి చూస్తే, అది తెరిచి గొళ్ళేనికి వేలాడుతోందట.

"పొద్దున మనం చూసినప్పుడు ఇది పూడుకుపోయి ఉంది. ఇప్పుడు కన్ను దగ్గర తుప్పు గీరుకుపోయి ఇనుము మెరుస్తోంది. ఈ గంటలోనే ఎవరో తెరిచి పంచదార పోశారు. ఆ గంటంతా కృపానందం నా కళ్ళముందు బేడీల్లో ఉన్నాడు." ఆయన ఈశ్వరరావు వైపు తిరిగాడు. "మీరు మాత్రం మా కళ్ళముందు లేరు. లీకు లేదు, ఎవరో చేత్తో పోశారని మొదటినుంచీ అంటున్నదీ మీరే. సీమోనుని చంపి, ఇవాళ ఇంతమందిని చంపబోయారు. పదండి!"

ఈశ్వరరావు తెల్లబట్టలకి తగ్గట్టు మొహం కూడా తెల్లబోయింది.

"నేను పోయలేదండీ! నాకేం ఖర్మ! మొన్న వచ్చింది గొట్టాల్లోంచే! గొట్టాలు చిల్లులు పడ్డాయి! కొత్తవి వేయించానని పైవాళ్ళకి చెప్పి పాతవాటికే మాట్లు వేయించాను. బయటపడితే నా ఉద్యోగం పోతుందని లీకు లేదన్నాను. అబద్ధమాడాను గానీ, చేత్తో పోసి మనుషుల్ని చంపేవాణ్ణి కాదండీ!"

జనం భగ్గుమన్నారు. ఎవరో ఓ ముసలి ఫైర్‌మన్ ఆయన కాలర్ పట్టుకోబోతే కానిస్టేబులు ఆపాడు. నాంచారయ్య జేబులోంచి ఇంకో తాళంచెవి తీసి, తన చేత్తోనే కృపానందం బేడీలు విప్పాడు. విప్పుతూ పాండురంగారావు వైపు చూసి, "సరేలేవోయ్, ఈ లెక్క నువ్వే చేశావు" అన్నాడు. ఆ మాట ఆయన నోట విన్నందుకు పాండురంగారావు ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. దర్జాగా ఇన్‌స్పెక్టరు చేతిలోని తాళంకప్ప అందుకుని, అలవాటు చొప్పున వాసన చూశాడు.

ఆ ఉబ్బంతా ఒక్కసారిగా చల్లారిపోయింది.

తుప్పు వదలడానికి పోసిన నూనె వాసన అది. మిల్లులో ఎవడైనా మెషిన్ ఆయిల్ పోస్తాడు. ఇది కొబ్బరినూనె. తలకి రాసుకునే కొబ్బరినూనె, ఇంట్లో ఆడవాళ్ళ గూట్లో ఉండే సీసా. ఆయన తలెత్తి చూశాడు. అందరూ కృపానందం చుట్టూ మూగి భుజాలు చరుస్తున్నారు. ఎస్తేరు మాత్రం స్తంభం పక్కన ఒక్కతే నిలబడి, బయటికి లాగిన నిప్పులకేసి చూస్తోంది.

"పద నాంచారయ్యా, ఈయన స్టేట్‌మెంటు రాయించుకో. వేడి చల్లారితే మాట మారుస్తాడు" అంటూ డిటెక్టివు తాళంకప్ప లాల్చీ జేబులో వేసుకోబోయాడు.

కానీ ఈశ్వరరావు తెలివితక్కువవాడు కాదు. ఉరికంబం కనబడితే ఎవడికైనా బుర్ర చురుగ్గా పనిచేస్తుంది.

"ఆగండి! మొన్నటిదంటే గొట్టాల్లోంచి వచ్చింది. కానీ మిల్లు మొన్నటినుంచీ ఆగిపోయింది, గొట్టాల్లో చుక్క రసం కదల్లేదు. మరి ఇవాళ్టి పంచదార ఎవరు పోశారు? నా తాళంచెవి పొద్దుటినుంచీ మీ జేబులోనే ఉంది కదా ఇన్‌స్పెక్టరుగారూ!"

నాంచారయ్య జేబు తడుముకున్నాడు. ఉంది. ఉద్రేకంలో ఆ సంగతే మర్చిపోయాడు.

"అయితే రెండో తాళంచెవి ఉండాలి. ఎవరి దగ్గరుంది?"

"ముందు సీమోను కుటుంబానికి కబురు..." పాండురంగారావు అడ్డుపడబోయాడు.

"మా ఇంట్లోనేనండీ" అన్నాడు కృపానందం. ఒరుసుకున్న మణికట్లు నిమురుకుంటున్నాడు, మొహం నిండా నవ్వు. నీళ్ళ గురించి ఎవరేమడిగినా ఉన్నదున్నట్టు చెప్పడమే అతనికి తెలిసిన పని. "వాటర్ ప్లాంటు వాడినని నాకూ ఒకటిచ్చారు, క్వార్టర్సులో గూట్లో ఉంటుంది. అది ఎక్కడికీ పోదండీ, మా అక్క జాగ్రత్త చేస్తుంది."

చెప్పాక, అందరూ స్తంభం వైపు చూడడం గమనించి, అక్క వైపు తిరిగాడు. నవ్వు కాస్త కాస్తగా ఆరిపోయింది.

"అక్కా?"

"రెండు గుప్పిళ్ళ పంచదారేరా" అంది ఎస్తేరు. "నువ్వు బేడీల్లో ఉండగా నీళ్ళు చెడితే, చెడిపింది నువ్వు కాదని వీళ్ళకి అర్థమవుతుందనుకున్నాను. పరీక్ష అయ్యేదాకా వెలిగించరనుకున్నాను. దేవుడి తోడు, ముందే వెలిగిస్తారని నాకు తెలీదు!"

నాంచారయ్య ఆమె వైపు నడిచాడు. కృపానందం చేతుల్నుంచి తీసిన బేడీలు ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉన్నాయి. పాండురంగారావు వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"తప్పుకో రంగా" అన్నాడు నాంచారయ్య. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

పాండురంగారావు తప్పుకోలేదు.